బేస్‌లైన్ మీద అల: కెమీల్యూమినిసెన్స్‌లో పంపు చేసే పని

గుంటూరు కొత్తపేటలో థైరాయిడ్ పరీక్ష చేయించుకున్నవాళ్ళు రిపోర్టు ఒకసారి తీసి చూడండి. టీఎస్‌హెచ్ అంకె పక్కనో కిందనో చిన్న అక్షరాల్లో సీఎల్ఐఏ అనో ఈసీఎల్ఐఏ అనో కనిపించే అవకాశం ఎక్కువ. రక్తంలో హార్మోన్ ఎంతుందో తేల్చడానికి ఒక రసాయన చర్య జరిపించి, అందులోంచి పుట్టిన వెలుగును కొలిచారని దానర్థం. బయటినుంచి దీపం వేసి చూడటం ఇందులో ఉండదు. చర్య తనంతట తానే వెలుగుతుంది. దీని పేరు కెమీల్యూమినిసెన్స్.

ఆ మెషీన్లలో ఇది ఏ గొడవా లేకుండా నడుస్తుంది. అదే వెలుగును హెచ్‌పీఎల్‌సీ (పంపు ఒత్తిడితో ద్రవాన్ని తోసి మిశ్రమాన్ని విడదీసే లిక్విడ్ క్రొమటోగ్రఫీ) కాలమ్ చివర, అంటే పదార్థాలను విడదీసే గొట్టం చివర పెట్టి కొలవబోతే మాత్రం బేస్‌లైన్, అంటే నమూనా లేనప్పుడు తెరమీద సాఫీగా ఉండాల్సిన గీత, ఊగడం మొదలవుతుంది. కారణం చిన్నదే. థైరాయిడ్ మెషీన్‌లో చర్య ఒక కప్పులోనో సెల్‌లోనో జరుగుతుంది. రియేజెంట్ (వెలుగు పుట్టించడానికి కలిపే రసాయనం) ఒక్కసారి పడుతుంది, వచ్చిన వెలుగునంతా కూడేసి ఒక అంకె ఇస్తారు. లిక్విడ్ క్రొమటోగ్రఫీలో ఏదీ ఒకచోట నిలవదు. కాలమ్ నుంచి ద్రవం వస్తూనే ఉంటుంది, రియేజెంట్ వచ్చి కలుస్తూనే ఉంటుంది, కలిసిన క్షణం నుంచి వెలుగు పుడుతూ చస్తూ ఉంటుంది. ఏ క్షణంలో ఎంతకు ఎంత కలిసిందన్నది పూర్తిగా పంపుల చేతిలో ఉంది.

అందుకే నా మాట ముందే చెప్పేస్తాను. కెమీల్యూమినిసెన్స్ పెట్టుకునే ల్యాబు తన దగ్గరున్న మంచి పంపును రియేజెంట్ వైపు పెట్టాలి. మనవాళ్ళు చేసేది దీనికి సరిగ్గా ఎదురు. కొత్త పంపు కాలమ్‌కి, మూలన పడున్న పాత పంపు రియేజెంట్‌కి, మిగిలిన డబ్బంతా డిటెక్టర్‌కి.

ఈ అలవాటు ఎక్కణ్నుంచి వచ్చిందో నాకొక అనుమానం ఉంది. మిర్చి పుణ్యమా అని గుంటూరుకు హెచ్‌పీఎల్‌సీ కొత్త కాదు. స్పైసెస్ బోర్డు పరీక్షా కేంద్రం ఊళ్ళోనే ఉంది. ఎండుమిర్చిలో బూజు పుట్టించే విషాల్లో ఒకటైన అఫ్లాటాక్సిన్ బీ1 కిలోకి 5 మైక్రోగ్రాములు, అన్ని అఫ్లాటాక్సిన్లూ కలిపి 10 మైక్రోగ్రాములు దాటితే యూరప్ ఒప్పుకోదు కాబట్టి ఎగుమతి చేసేవాళ్ళకు ఈ పరీక్ష తప్పదు. ఫ్లోరసెన్స్‌తో (దీపం వెలుగు పడితే పదార్థం తిరిగిచ్చే మెరుపుతో) కొలిచే పద్ధతుల్లో కాలమ్ దాటాక బ్రోమిన్‌నో అయోడిన్‌నో కలిపి బీ1, జీ1 రకాల మెరుపు పెంచడం ఒకటి. అక్కడ రియేజెంట్ కాస్త ఎక్కువ పడ్డా తక్కువ పడ్డా పెద్దగా తేడా రాదు. చర్య పూర్తయితే చాలు, రియేజెంట్‌కి తన సొంత మెరుపు లేదు. కాబట్టి ఎలాంటి పంపైనా నడిచిపోతుంది. అదే అలవాటును కెమీల్యూమినిసెన్స్‌కు తెచ్చిపెడితే దెబ్బతింటాం, ఎందుకంటే ఇక్కడ రియేజెంట్ కూడా తనంతట తాను కొంచెం వెలుగుతూనే ఉంటుంది.

అసలు ఇంత తంటా దేనికి, యూవీ ఉంది కదా అనొచ్చు. యూవీ డిటెక్టర్‌లో డ్యుటీరియం దీపం పెద్ద వెలుగునిస్తుంది. అందులోంచి నమూనా పీల్చుకున్న చిటికెడు తగ్గుదలను మనం వెతకాలి. పదార్థం మరీ తక్కువైతే ఆ తగ్గుదల దీపం సొంత ఊగిసలాటలో కలిసిపోతుంది. ఫ్లోరసెన్స్ ఇంకా నయం, కానీ అక్కడా దీపం ఉంది, దాని వెలుగు చెదిరి డిటెక్టర్‌లోకి దూరుతుంది. కెమీల్యూమినిసెన్స్‌లో దీపమే లేదు. చుట్టూ చీకటి, అందులో పుట్టిన వెలుగు మాత్రమే ఫోటోమల్టిప్లయర్ ట్యూబు (పీఎంటీ, కొద్దిపాటి వెలుగును కూడా కరెంటు సిగ్నల్‌గా మార్చేది) ముందుకొస్తుంది. ల్యూమినాల్ క్షార ద్రావణంలో ఆక్సీకరణం చెందితే నీలం వెలుగు వస్తుందని రసాయన శాస్త్రవేత్త ఆల్‌బ్రెష్ట్ 1928లో ప్రచురించాడు. ఆ వెలుగు 425 నానోమీటర్ల దగ్గర ఉంటుంది, మామూలు ఫోటోమల్టిప్లయర్లు బాగా చూడగలిగేది కూడా ఆ చుట్టుపక్కలే. చర్యలో పాల్గొన్న ప్రతి వంద అణువుల్లో ఒకటి మాత్రమే వెలుగునిస్తుందని తెలిస్తే ఇంత తక్కువా అనిపిస్తుంది గానీ, చీకట్లో అదే చాలు.

మన ప్రాంతానికి పనికొచ్చే ఉదాహరణ ఒకటి తీసుకుందాం. పత్తిగింజల నూనె, వేరుశనగ నూనె, మిర్చి ఓలియోరెసిన్ (మిర్చి సారం), ఇవన్నీ నిలవ ఉంటే మెల్లగా కంపెక్కుతాయి. ముక్కుకు తెలిసేలోపే నూనెలో హైడ్రోపెరాక్సైడ్లు పుట్టి ఉంటాయి. టైట్రేషన్‌తో పెరాక్సైడ్ విలువ కట్టొచ్చు, కానీ అది మొత్తం లెక్క చెబుతుంది తప్ప ఏ లిపిడ్ ఎంత పాడైందో చెప్పదు. కాలమ్‌లో విడదీసి, బయటికొచ్చాక ల్యూమినాల్ జాతి రియేజెంట్, ఒక హీమ్ (ఇనుము ఉన్న అణువు) ఉత్ప్రేరకం కలిపితే హైడ్రోపెరాక్సైడ్ ఉన్న పదార్థమే వెలుగుతుంది, మిగతాది చీకట్లో దాటిపోతుంది. 1987లో అమెరికన్ జీవరసాయన శాస్త్రవేత్త బ్రూస్ ఏమ్స్ బృందం ఐసోల్యూమినాల్‌తో లిపిడ్ హైడ్రోపెరాక్సైడ్లను పికోమోల్ (మోల్‌లో లక్ష కోట్లో వంతు) స్థాయిలో పట్టింది ఈ దారిలోనే.

ఇక పంపు సంగతికి వద్దాం. కాలమ్ నుంచి నిమిషానికి 1 మిల్లీలీటరు, రియేజెంట్ పంపు నుంచి 0.5 మిల్లీలీటరు వచ్చి ఒక టీ (T ఆకారపు) జాయింట్ దగ్గర కలుస్తున్నాయనుకోండి. అక్కణ్నుంచి 100 మైక్రోలీటర్లు పట్టే చుట్ట ట్యూబు ఫోటోమల్టిప్లయర్ ఎదురుగా ఉంది. మొత్తం ప్రవాహం సెకనుకు 25 మైక్రోలీటర్లు, అంటే కలిసిన ద్రవం డిటెక్టర్ ఎదుట ఉండేది 4 సెకన్లు. ఈ 4 సెకన్ల అంకె గుర్తుపెట్టుకోండి, మళ్ళీ మళ్ళీ పనికొస్తుంది.

నమూనా ఏదీ ఎక్కించకపోయినా రియేజెంట్‌లో ఉన్న లోహాల మడ్డి, కరిగిన ఆక్సిజన్, మొబైల్ ఫేజ్‌లో (కాలమ్ గుండా పారే ద్రవంలో) పుట్టిన కాసిన్ని పెరాక్సైడ్ల వల్ల కొంత వెలుగు ఎప్పుడూ ఉంటుంది. అది సెకనుకు 10,000 కౌంట్లు అనుకుందాం. వెలుగు ఫోటాన్ల లెక్క కాబట్టి, ఏ పరికరం పెట్టినా దాని సహజమైన ఊగిసలాట ఆ సంఖ్యకు వర్గమూలం అంత ఉంటుంది. అంటే 100 కౌంట్లు, 1 శాతం. ఇది ప్రకృతి పెట్టిన గీత, దీనికింద దిగలేం. ఇప్పుడు రియేజెంట్ ప్రవాహం 1 శాతం ఊగిందనుకోండి. మిశ్రమంలో రియేజెంట్ వాటా సుమారు 0.67 శాతం ఊగుతుంది, బ్యాక్‌గ్రౌండ్ కూడా దరిదాపు అంతే. ఇది 67 కౌంట్లు. ప్రకృతి గీత కిందే ఉంది, సర్దుకుపోవచ్చు.

కానీ మనం సెన్సిటివిటీ పెంచాలని ల్యూమినాల్ గాఢత పెంచుతాం, ఉత్ప్రేరకం పెంచుతాం, ట్యూబు వోల్టేజీ సరిచేస్తాం, డిటెక్టర్‌కి అద్దం పెట్టి వెలుగంతా పోగుచేస్తాం. బ్యాక్‌గ్రౌండ్ 10 లక్షల కౌంట్లకు చేరిందనుకోండి. దాని వర్గమూలం 1,000, అంటే 0.1 శాతమే. పంపు ఊగిసలాట మాత్రం 0.67 శాతం దగ్గరే ఉంటుంది, 6,700 కౌంట్లు. ఇప్పుడు నాయిస్ అంతా పంపుదే. డిటెక్టర్‌ను ఎంత మెరుగుపరిస్తే పంపు లోపం అంత బయటపడుతుంది. ఖరీదైన ఫోటోమల్టిప్లయర్ కొని, సిగ్నల్ పెరిగినా డిటెక్షన్ లిమిట్ (పట్టగలిగే అతి తక్కువ మోతాదు) కదల్లేదని తలపట్టుకునేవాళ్ళు ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేసుకుంటే సరిపోతుంది.

పంపు ఎందుకు ఊగుతుంది? హెచ్‌పీఎల్‌సీ పంపు లోపల ఉండేది పిస్టనే. బోరింగు కొట్టినప్పుడు నీళ్ళు గుక్కలు గుక్కలుగా ఎలా పడతాయో, ఒంటి పిస్టన్ పంపు కూడా అలాగే తోస్తుంది. దాన్ని సరిచేయడానికి రెండు పిస్టన్లు పెట్టారు. ఒకటి వెనక్కి పోయి నింపుకునే సమయంలో రెండోది తోస్తుంది, ఒకటి ఆపే ముందే రెండోది అందుకునేలా పిస్టన్లను తోసే క్యామ్ చక్రం ఆకారం చెక్కుతారు. కొన్నిట్లో రెండు పిస్టన్లూ పక్కపక్కన, కొన్నిట్లో ఒకదాని వెనక ఒకటి. ఏదైనా ఇబ్బందంతా చేతులు మారే క్షణంలోనే. నీలమణి సీటు మీద కెంపు గోళీ కూర్చునే చెక్ వాల్వు (ద్రవాన్ని ముందుకే పోనిచ్చేది) ఒక రవ్వ ఆలస్యంగా మూసుకున్నా ఆ క్షణంలో కొంత ద్రవం వెనక్కి జారుతుంది.

దీనికి తోడు ద్రవం నొక్కుకుపోతుంది. నీళ్ళు నొక్కుకుపోవు అని చిన్నప్పుడు చదువుకున్నాం గానీ 200 బార్ దగ్గర నీళ్ళు 0.9 శాతం, మెథనాల్ 2.4 శాతం దాకా నొక్కుకుపోతాయి. పిస్టన్ ముందుకు కదలడం మొదలైనా, లోపల ఒత్తిడి పెరిగేదాకా బయటికి చుక్క రాదు. పంపు సాఫ్ట్‌వేర్‌లో దీనికి సవరణ అంకె ఉంటుంది. నీళ్ళకు పెట్టిన అంకెతోనే మెథనాల్ నడిపేస్తే ప్రతి స్ట్రోకుకూ ఒక చిన్న గుంట ఖాయం. మెనూలో లోపలెక్కడో ఉండే ఈ అంకెను కంపెనీ వాళ్ళు మెషీను బిగించిన రోజు తర్వాత ఇంకెవరైనా ముట్టుకున్న ల్యాబులు అరుదు.

అయితే ఊగిసలాట ఎంత పెద్దదన్న దానికంటే ఎంత వేగంగా వస్తోందన్నది ఇంకా ముఖ్యం. చాలామంది పట్టించుకోనిది ఇదే. రియేజెంట్ పంపు ఒక్కో స్ట్రోకుకు 100 మైక్రోలీటర్లు తోస్తుందనుకోండి. నిమిషానికి 0.5 మిల్లీలీటరంటే నిమిషానికి 5 స్ట్రోకులు, 12 సెకన్లకు ఒకటి. మన క్రొమటోగ్రామ్‌లో (తెరమీది గీతలో) పదార్థం వచ్చినప్పుడు లేచే దిబ్బ, అంటే పీకు, వెడల్పు మామూలుగా 15 నుంచి 30 సెకన్లు. 12 సెకన్ల అలను ఏ ఫిల్టరూ తీసేయలేదు, తీస్తే పీకు కూడా దాంతోపాటే పోతుంది. పైగా చూడ్డానికి అది అచ్చం చిన్న పీకులాగే ఉంటుంది. అదే పంపు స్ట్రోకుకు 10 మైక్రోలీటర్లే తోస్తే 1.2 సెకన్లకు ఒక గుక్క. డిటెక్టర్ ఎదుటి ట్యూబులో ద్రవం ఉండేది 4 సెకన్లు కదా, అందులో మూడు గుక్కలు కలిసి చాలావరకు సగటైపోతాయి. మిగిలింది డిటెక్టర్ టైమ్ కాన్‌స్టెంట్ (సిగ్నల్‌ను సగటు చేసే వ్యవధి) చూసుకుంటుంది. పిస్టన్ సన్నబరిచి, స్ట్రోకు కుదించి, వేగం పెంచిన పంపులు వచ్చింది ఇందుకే. కొన్నిట్లో స్ట్రోకు పరిమాణాన్ని సాఫ్ట్‌వేర్‌లోనే 20 నుంచి 100 మైక్రోలీటర్ల మధ్య మార్చుకోవచ్చు. చేతిలో అలాంటి పంపే ఉంటే ఖర్చు లేకుండా సగం పని అయినట్టే.

చిన్న స్ట్రోకు అన్నిచోట్లా మంచిదని మాత్రం అనుకోవద్దు. కాలమ్ వైపు 200 బార్ ఒత్తిడి ఉంటే, ప్రతి స్ట్రోకులోనూ నొక్కడానికే పోయే భాగం చిన్న స్ట్రోకులో ఎక్కువ వాటా తినేస్తుంది. సీల్స్, వాల్వులు కూడా తొందరగా అరిగిపోతాయి. ఎలాగూ కాలమ్ తనకున్న అడ్డుతో కొంత అలను నలిపేస్తుంది కాబట్టి అటువైపు పెద్ద స్ట్రోకే ఉన్నా ఫర్వాలేదు. రియేజెంట్ వైపు మధ్యలో కాలమ్ లేదు, పంపు చేసిన ప్రతి చిన్న తప్పూ నేరుగా డిటెక్టర్‌కి చేరుతుంది. పాత పంపును అటు పెట్టకూడదని మొదట్లో అన్నది ఇందుకే.

ల్యూమినాల్ ఒక పంపులో, పెరాక్సైడ్ ఇంకో పంపులో నడిపేవాళ్ళకు ఇంకొక చిక్కు ఉంది. రెండు పంపులూ నిమిషానికి 0.5 మిల్లీలీటరే, కానీ ఒకదాని స్ట్రోకు 100 మైక్రోలీటర్లు, రెండోది 95 అనుకోండి. నిమిషానికి 5 స్ట్రోకులు ఒకటి, 5.26 స్ట్రోకులు ఇంకోటి. రెండూ ఒకసారి కలిసి తోస్తాయి, కాసేపటికి ఒకదానికొకటి ఎదురవుతాయి. వెలుగు రెండు గాఢతల లబ్ధం మీద ఆధారపడుతుంది కాబట్టి బేస్‌లైన్ సుమారు 4 నిమిషాలకొకసారి మెల్లగా ఉబ్బి తగ్గుతుంది. దీన్ని చూసినవాళ్ళు డ్రిఫ్ట్ అంటారు, గది ఉష్ణోగ్రత అంటారు, ట్యూబు వేడెక్కిందంటారు. ఒకే మోటారు మీద రెండు తలలు నడిచే పంపులో ఈ గొడవ పుట్టదు, రెండింటి వరసా ఎప్పుడూ ఒకేలా ఉంటుంది కాబట్టి.

ఊళ్ళోని ఒక ఫార్మసీ కాలేజీలో ఎం.ఫార్మ్ చదివే అమ్మాయి ఇలాంటి అలనే చూపించి, "సార్, పీఎంటీ పోయిందేమో, కొత్తది తెప్పించాలంటే మా హెచ్‌ఓడీ ఒప్పుకోరు" అంది. తెరమీద 12 సెకన్లకొక దిబ్బ, ఒకటి ఎత్తు, ఒకటి పొట్టి.

"రియేజెంట్ ఫ్లో రెట్టింపు చెయ్యమ్మా" అన్నాను.

0.5ని 1 చేసింది. అల 6 సెకన్లకొచ్చింది.

"ఇప్పుడు ఆ పంపు ఆపు."

గీత మీద అలలన్నీ పోయి, వెలుగు నున్నగా కిందికి జారింది. ఫోటోమల్టిప్లయర్‌లో లోపముంటే ఫ్లో మార్చినంత మాత్రాన దాని కాలవ్యవధి మారదు. "పీఎంటీకేం కాలేదమ్మా, అది పంపు. ఎత్తూ పొట్టీ వస్తున్నాయంటే రెండు తలల్లో ఒకదాని వాల్వు సరిగ్గా మూసుకోవట్లేదు." చెక్ వాల్వు విప్పి నీళ్ళలో పెట్టి సోనికేటర్‌లో వేశాక దిబ్బలు సమానమయ్యాయి, ఎత్తు కూడా బాగా తగ్గింది. సీటు మీద పేరుకున్నది బోరేట్ బఫర్ ఉప్పు. సాయంత్రం నీళ్ళతో కడక్కుండా ఆపేస్తే అదే జరుగుతుంది. పంపు ఊగిసలాటను పట్టుకోవడానికి ఫ్లో మార్చి చూడటాన్ని మించిన పరీక్ష నాకు తెలియదు. పెద్ద సాఫ్ట్‌వేర్లు అక్కర్లేదు, గోడ గడియారం చాలు.

వాల్వు బాగుండి కూడా అల పోకపోతే, చాలాసార్లు కారణం ఒత్తిడి లేకపోవడం. వినడానికి వింతగా ఉంటుంది. రియేజెంట్ లైనులో కాలమ్ లేదు కాబట్టి పంపు మీద పడే ఒత్తిడి ఒకటి రెండు బార్‌లే. చెక్ వాల్వు గోళీ గట్టిగా కూర్చోవాలంటే వెనకనుంచి ఒత్తిడి ఉండాలి. పంపుకు తగిలించిన డ్యాంపర్ కూడా ఒత్తిడి మీదే పనిచేస్తుంది, లోపలి పొర కొంచెం లొంగితేనే గుక్కను మింగగలదు. 2 బార్ దగ్గర అది ఉన్నా లేనట్టే. అందుకని పంపుకూ టీ జాయింట్‌కూ మధ్య కావాలని ఒక అడ్డు పెట్టాలి. 0.13 మిల్లీమీటర్ల లోపలి వ్యాసం ఉన్న పీక్ (PEEK అనే గట్టి ప్లాస్టిక్) ట్యూబు 3 మీటర్లు చుట్టి పెడితే, నిమిషానికి 0.5 మిల్లీలీటరు దగ్గర 35 నుంచి 40 బార్ ఒత్తిడి వస్తుంది. వాల్వులు నిమ్మళిస్తాయి, డ్యాంపర్ నిద్రలేస్తుంది. ఖర్చు ట్యూబు ఖర్చే. కొందరు ట్యూబుకు బదులు పనికిరాని పాత కాలమ్ తగిలిస్తారు. ఆమ్ల, తటస్థ రియేజెంట్లకు అది బాగానే పనిచేస్తుంది. ల్యూమినాల్‌కు మాత్రం వద్దు. పీహెచ్ 10, 11 దగ్గర సిలికా కరిగిపోతుంది, కరిగింది వచ్చి డిటెక్టర్ ట్యూబులో కూర్చుంటుంది.

పిస్టనే వద్దనుకుంటే వేరే దారులున్నాయి. సిరంజి పంపుకు గుక్కలుండవు అంటారు. నిజమే గానీ పూర్తిగా నిజం కాదు. 50 మిల్లీలీటర్ల సిరంజిని 1 మిల్లీమీటరు పిచ్ (ఒక చుట్టుకు జరిగే దూరం) ఉన్న మర తోస్తుందనుకోండి, నిమిషానికి 0.5 మిల్లీలీటరు రావాలంటే మర ఒక చుట్టు తిరగడానికి 70 సెకన్ల పైనే పడుతుంది. మరలో ఏ చిన్న వంకరున్నా అది 70 సెకన్ల అలగా బేస్‌లైన్ మీదికొస్తుంది. 10 మిల్లీలీటర్ల సన్న సిరంజి పెడితే చుట్టుకు 20 సెకన్లు, కానీ 20 నిమిషాలకే ఖాళీ. మందుల షాపులో దొరికే ప్లాస్టిక్ సిరంజి మరీ ఘోరం. దాని రబ్బరు బిరడా ఒకచోట అతుక్కుని, ఇంకోచోట జారుతుంది.

నైట్రోజన్ సిలిండర్ ఒత్తిడితో సీసాలోని రియేజెంట్‌ను సన్న గొట్టం గుండా నెట్టడం ఇంకొక పద్ధతి. గుక్క అనేదే ఉండదు, కదిలే భాగమూ లేదు. నాకు చాలా ఇష్టమైన పద్ధతి ఇది, కానీ గుంటూరు మే నెలలో నమ్మలేం. నీళ్ళ చిక్కదనం ఒక డిగ్రీ వేడికి సుమారు 2 శాతం పడిపోతుంది, ఒత్తిడి మారకపోతే ప్రవాహం అంతే పెరుగుతుంది. కరెంటు పోయి ఏసీ ఆగి గది 26 నుంచి 36కు వెళ్తే ప్రవాహం అయిదో వంతు మారిపోతుంది. గొట్టాన్ని కాలమ్ అవెన్‌లో పెట్టగలిగినవాళ్ళు నిక్షేపంగా వాడుకోవచ్చు. రోలర్లతో ట్యూబును పిసికే పెరిస్టాల్టిక్ పంపుల గురించి ఎక్కువ చెప్పను. కాలమ్ లేకుండా ప్రవాహంలోకే నమూనా ఎక్కించే ఫ్లో ఇంజెక్షన్ పనులకు సరే, క్రొమటోగ్రఫీ రియేజెంట్‌కు నేనైతే పెట్టను.

ఇంతసేపూ గుక్కలు పోగొట్టడం గురించే మాట్లాడాం. ఇక్కడొక మెలిక ఉంది. టీ జాయింట్ దగ్గర రెండు ద్రవాలు కలుస్తాయని అనుకుంటాం గానీ నిజానికి అవి పక్కపక్కనే పారతాయి. 0.25 మిల్లీమీటర్ల ట్యూబులో నిమిషానికి 1.5 మిల్లీలీటర్లు పారుతుంటే రేనాల్డ్స్ సంఖ్య (ప్రవాహంలో సుడులు పుడతాయో లేదో చెప్పే అంకె) 130, 150 దగ్గరే ఉంటుంది. సుడులు పుట్టాలంటే 2,000 పైన ఉండాలి. అంటే కలవడమంతా అణువులు మెల్లగా అటూ ఇటూ పాకడం మీదే ఆధారపడింది, దానికి సెకన్లు పడుతుంది. కోబాల్ట్ ఉత్ప్రేరకం సమక్షంలో ల్యూమినాల్ చర్య ఆ సెకన్ల కోసం ఆగదు. సగం కలిసేలోపే కలిసిన భాగం వెలిగి ఆరిపోతుంది, డిటెక్టర్ ఎదుటికి వచ్చేసరికి మిగిలేది తోక.

గుక్కలు పనికొచ్చేది ఇక్కడే. సోలెనాయిడ్ మైక్రోపంపు ఒక్కో టిక్కుకు కొన్ని మైక్రోలీటర్ల ద్రవాన్ని ఒక్కసారిగా విదిలిస్తుంది. ఆ విదిలింపుకు ట్యూబులోని పొరలు చెదిరి ద్రవాలు వేగంగా కలుస్తాయి, వెలుగు పెరుగుతుంది. పోర్చుగల్, బ్రెజిల్ పరిశోధకులు 2002లో ఇలాంటి చిన్న పంపులనే అనేకం కలిపి ఒక ఫ్లో విశ్లేషణ పద్ధతిని ప్రతిపాదించారు. కెమీల్యూమినిసెన్స్‌కు అది బాగా అతికింది. మరి గుక్క మంచిదా చెడ్డదా? మళ్ళీ 4 సెకన్ల లెక్కకే రావాలి. సెకనుకు 5 టిక్కులు పడితే, డిటెక్టర్ ఎదుట ఉన్న ద్రవంలో ఎప్పుడూ 20 టిక్కుల సరుకు ఉంటుంది. కలయిక బాగుపడుతుంది, అల కనపడదు. 12 సెకన్లకు ఒకసారి వచ్చే బద్ధకపు గుక్క కలయికకూ సాయపడదు, బేస్‌లైన్‌నూ పాడుచేస్తుంది. అన్ని గుక్కలనూ ఒకే గాటన కట్టి తీసేయాలనుకోవడం తొందరపాటు.

సోలెనాయిడ్ పంపులకు ఒత్తిడి ఓర్చే శక్తి లేదు, వాటి స్ట్రోకు కాలక్రమేణా మారుతుంది, తరచూ తూచి సరిచూసుకోవాలి. కాబట్టి మామూలు ల్యాబుకు చిన్న స్ట్రోకు పిస్టన్ పంపు, దానివెనక మంచి మిక్సింగ్ టీ, ఇదే నా సలహా. టీ నుంచి డిటెక్టర్‌కు దూరాన్ని కూడా పంపుతో కలిపే ఆలోచించాలి. 0.25 మిల్లీమీటర్ల ట్యూబు 20 సెంటీమీటర్లకు సుమారు 10 మైక్రోలీటర్లు పడుతుంది, అంటే సెకనుకు 25 మైక్రోలీటర్ల ప్రవాహంలో 0.4 సెకను. ల్యూమినాల్‌లాంటి తొందర చర్యకు ఇంకా దగ్గరికి జరపాలి, పెరాక్సీఆక్సలేట్‌లాంటి నిదానపు చర్యకు ఇంకా దూరం పెట్టాలి. ఫ్లో మార్చిన ప్రతిసారీ ఈ దూరం కూడా మారినట్టే లెక్క. యూవీ పద్ధతిలో ఫ్లో 1 నుంచి 1.2కు పెంచితే పీకులు ముందుకు జరుగుతాయి, వాటి ఎత్తు ఇంచుమించు అలాగే ఉంటుంది. ఇక్కడ ఎత్తులు కూడా మారతాయి, ఒక్కోసారి సగానికి సగం.

పంపు దేనితో చేశారన్నది చివరికి వదిలేశాను గానీ కొనేటప్పుడు మొదట అడగాల్సింది అదే. స్టెయిన్‌లెస్ స్టీలు తల నుంచి ఇనుము, క్రోమియం, నికెల్ జాడలు ద్రావణంలోకి దిగుతూనే ఉంటాయి. యూవీ పనికి దాన్ని ఎవరూ పట్టించుకోనక్కర్లేదు. ల్యూమినాల్‌కు లోహపు అయాన్లే ఉత్ప్రేరకాలు. పంపే నమూనాలాగా వెలుగు పుట్టిస్తుంది, బ్యాక్‌గ్రౌండ్ రోజురోజుకూ మారుతుంది. టైటానియం, సిరామిక్, పీక్ తలలున్న పంపులు ఖరీదే. అవి కుదరకపోతే స్టీలు భాగాలను నైట్రిక్ ఆమ్లంతో పాసివేట్ చేసి (పైన రక్షణ పొర ఏర్పరచి), బాగా నీళ్ళు నడిపి, అప్పుడు వాడాలి, అదీ కొంతకాలమే. పెరాక్సైడ్ నడిపే పంపులో లోహం ఇంకొక పని కూడా చేస్తుంది. పెరాక్సైడ్‌ను విరగ్గొట్టి ఆక్సిజన్ బుడగలు పుట్టిస్తుంది. పంపు తలలో బుడగ చేరితే పిస్టన్ దాన్ని నొక్కుతూ వదులుతూ ఉంటుంది, ద్రవం కదలదు. క్షారం కలిస్తే ఇది ఇంకా ముదురుతుంది కాబట్టి ల్యూమినాల్, పెరాక్సైడ్ ఒకే సీసాలో కలిపి ఒక్క పంపుతో లాగించేద్దామనే ఆశ పెట్టుకోవద్దు. పని అయ్యాక పెరాక్సైడ్ లైనును మూసేసి ఇంటికెళ్ళడం ప్రమాదం కూడా. మూసిన చోట ఆక్సిజన్ ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది.

ఏదైనా కాలేజీవాళ్ళు ఉన్న డబ్బుతో ఏం కొనమంటారని అడిగితే వరస ఇలా చెబుతాను. ముందు చిన్న స్ట్రోకు ఉన్న, స్టీలు తగలని రియేజెంట్ పంపు. తర్వాత 3 మీటర్ల సన్న పీక్ ట్యూబు, మిక్సింగ్ టీ, డీగ్యాసర్ (ద్రవంలో కరిగిన గాలిని తీసేది). ఆ తర్వాత మిగిలిన దాంట్లో డిటెక్టర్. పాత ఫ్లోరోమీటర్ ఉంటే దీపం ఆపేసి, ఫోటోమల్టిప్లయర్ ఎదుట చుట్ట ట్యూబు పెట్టి, చుట్టూ నల్లగుడ్డ కప్పి మొదలుపెట్టేయొచ్చు. ల్యూమినాల్ నీలం వెలుగుకు అది సరిపోతుంది. ఆమ్ల పర్మాంగనేట్ వెలుగు ఎరుపు వైపు ఉంటుంది, దానికి ఎరుపు చూడగల ట్యూబు కావాలి, అప్పుడు వేరే ఆలోచన చేద్దాం.

బిగించడం అయ్యాక మొదటి రోజు స్టాండర్డ్ (గాఢత తెలిసిన నమూనా) జోలికి పోవద్దు. కాలమ్ నుంచి మొబైల్ ఫేజ్, పక్కనుంచి రియేజెంట్, అంతే నడపండి, అరగంట గీతను దాచిపెట్టండి. అందులో కనపడే అల వ్యవధిని పంపు స్ట్రోకు వ్యవధితో పోల్చండి. అల ఎత్తును మీ అతి చిన్న స్టాండర్డ్ ఇవ్వాల్సిన పీకు ఎత్తుతో పోల్చండి. అల దానికి మూడో వంతు కంటే పెద్దదైతే ఆ రోజు పంపు దగ్గరే కూర్చోండి, ఇంజెక్షన్ మర్నాడు చూసుకోవచ్చు.